రంగు మారని బిళ్ళ

పోయిన వారం మనం చిట్టిని పరిశోధనశాల ఎక్స్‌రే గదిలో, యంత్రం తలుపు మూసుకుని ఎర్రదీపం వెలిగిన క్షణంలో వదిలేశాం. లోపల గాజు పళ్ళెం మీద చిటికెడు నీలం పొడి ఉంది. తోళ్ళ కార్ఖానా వెనక మురుగు ట్యాంకులోకి దిగి శవమై పైకొచ్చిన ఫోర్‌మన్ చొక్కా జేబుకు వేలాడిన బిళ్ళలోంచి గీకిన పొడి అది. ఆయనతో పాటు ఇంకో ఇద్దరు పోయారు. ముగ్గురి జేబులకూ బిళ్ళలున్నాయి. విషవాయువు సోకగానే నీలం పోయి తెల్లబడాల్సిన బిళ్ళలు, ఆ ముగ్గుర్నీ పైకి లాగి సిమెంటు గట్టు మీద పడుకోబెట్టాక కూడా నిక్షేపంగా నీలంగానే ఉన్నాయి.

ఆ బిళ్ళల్ని అచ్చు వేసింది చిట్టి అన్నయ్య. ఆయన్ని ఆ చుట్టుపక్కల అందరూ బిళ్ళల మేస్త్రి అంటారు. పొడిలో జిగురు ఎక్కువ కలిపాడని, అందుకే గాలి లోపలికి పోలేదని, ముగ్గురి ఉసురూ పోసుకుంది ఆయనేనని కార్ఖానా యాజమాన్యం నేరం మొత్తం ఆయన నెత్తిన రుద్దింది. ఆయన బిళ్ళలు అచ్చు వేసే వర్క్‌షాపుకు తాళం పడింది. సోమవారం విచారణ కమిటీ కూర్చుంటుంది. ఆ పొడిని తయారుచేసింది మాత్రం చిట్టి. అంచేత ఈ శుక్రవారం పొద్దున ఆ యంత్రం ముందు కూర్చున్న ఆమెకు ఏమని కోరుకోవాలో తెలియలేదు. పొడి మంచిదని తేలితే అన్నయ్య దోషి. చెడిందని తేలితే తను దోషి. మధ్యేమార్గం అంటూ ఏదీ లేదు.

తెర మీద ఆకుపచ్చ గీత ఎడమవైపు నుంచి మెల్లగా పాకడం మొదలుపెట్టింది. ఐదు డిగ్రీలు. ఆరు. ఏడు.

పొడి సవ్యంగా ఉందనడానికి తొమ్మిది డిగ్రీల దగ్గర గీత శిఖరంలా లేచి ఒక పొడవాటి పీక్ రావాలి. పదకొండేళ్ళుగా చిట్టి దాన్ని ఎన్ని వేలసార్లు చూసిందో లెక్కలేదు. మంచి నిద్రలో లేపి అడిగినా దాని ఎత్తు ఎంతో చెప్పగలదు. ఇప్పుడు ఆ గీత ఎనిమిదిన్నరకు చేరింది.

తొమ్మిది వచ్చింది. గీత నేలను వదల్లేదు. తొమ్మిదిన్నరా దాటిపోయింది. చదునుగా, ఏమీ ఎరగనట్టు పాకుతూ పోయింది. పది. పదకొండు. పన్నెండున్నర దగ్గర ఒక్కసారి నిట్టనిలువునా లేచి, తెర పైఅంచును కొట్టుకుని, మళ్ళీ దబ్బున కిందికి దిగింది.

"అన్నయ్య తప్పు లేదు," అనుకుంది చిట్టి. పైకే అనేసింది కూడా. ఎనిమిది రోజులుగా గుండెల మీద కూర్చున్న బండరాయి ఒక్క లిప్తపాటు పక్కకు జరిగినట్టయింది. నవ్వొచ్చినంత పనైంది. అంతలోనే ఆ నవ్వు ఎక్కడిదక్కడ గడ్డకట్టింది. అన్నయ్య తప్పు లేదంటే దానర్థం ఏమిటో మెల్లగా ఒంట్లోకి దిగసాగింది.  

ఆ పదార్థం సంగతి కొత్త పాఠకులకు రెండు ముక్కల్లో చెప్పాలి. అది ఇనుము ఉన్న స్ఫటికం. చిట్టి మొదటిసారి వర్క్‌షాపుకు వెళ్ళినప్పుడు అచ్చులు వేసే వాళ్ళందర్నీ కూర్చోబెట్టి ఇలా చెప్పింది: "ఇందులో ఇనుము రెండు రకాలుగా ఉంటుంది. ఒక ఇనుము రెండు ఎలక్ట్రాన్లు పోగొట్టుకుంది, దాని పక్కది మూడు పోగొట్టుకుంది. ఇద్దరన్నదమ్ములకి ఒకే దుప్పటి ఉందనుకోండి. రాత్రంతా నాకంటే నాకని ఇటూ అటూ లాక్కుంటారు కదా! ఆ ఎక్కువున్న ఒక్క ఎలక్ట్రాన్ కోసం ఇవి రెండూ అలాగే లాక్కుంటుంటాయి. ఆ లాగులాటే మన కంటికి నీలంగా కనిపిస్తుంది. విషవాయువు లోపలికొచ్చిందంటే, లేనివాడికీ ఒక దుప్పటి ఇచ్చేస్తుంది. ఇంక లాక్కునే పనేముంది? నీలం పోయి తెల్లబడుతుంది."

అప్పుడు అన్నయ్య తన నెరిసిన తల తడుముకుంటూ, "మా ఇంట్లో దుప్పటి ఎప్పుడూ మీ వదిన దగ్గరే ఉంటుంది. మరి నేనెందుకు తెల్లబడ్డానే?" అన్నాడు. వర్క్‌షాపంతా గొల్లుమంది. ఆ తర్వాత అక్కడ ఎవరు కొత్తగా పనిలో చేరినా అన్నయ్యే ఆ దుప్పటి పాఠం చెప్పేవాడు. చెల్లెలి కంటే బాగా చెప్పేవాడు.

ఆయన ఎరగని సంగతి ఒకటుంది. అవే అణువులు, అదే లెక్కలో, అదే పాళ్ళలో ఉండి కూడా ఇంకో విధంగా పేరుకోవచ్చు. మొదటి రూపంలో అవి సన్నటి సూదుల్లా పెరుగుతాయి. సూది పొడవునా లోపల సందులుంటాయి. గాలి ఆ సందుల్లోంచే ఇనుము దాకా పోతుంది. రెండో రూపంలో పల్చటి పలకలుగా పేరుకుంటాయి. పలకకీ పలకకీ మధ్య వెంట్రుక దూరే చోటుండదు. రంగు అదే నీలం. రసాయన పరీక్ష చేస్తే అదే ఇనుము, రెండు రకాలూ అవే పాళ్ళు. ఎక్స్‌రే ముందు పెడితే తప్ప తేడా పట్టడం ఎవరి తరమూ కాదు. అలాంటి పలకల పొడి ఉన్న బిళ్ళను తగిలించుకుని మనిషి విషంలో మునిగిపోయినా అది నీలంగానే ఉంటుంది. ఆ వాయువుకు ముందు కుళ్ళిన గుడ్ల కంపు వస్తుంది. మోతాదు పెరిగితే ముక్కు మొద్దుబారిపోయి ఆ కంపూ తెలియదు. ముక్కు మోసం చేసేచోట కన్ను కాపాడుతుందని చేసిన బిళ్ళ అది.

చిట్టి లేచింది. అల్మారాలో పాత నోటుపుస్తకాలు వరసగా ఉన్నాయి. రెండేళ్ళ కిందటిది తీసింది. ఏ పేజీ తెరవాలో వెతుక్కోనక్కర్లేకపోయింది. ఎనిమిది రోజులుగా ఆ పేజీ కళ్ళ ముందు ఆడుతూనే ఉంది. తెరవడానికి ధైర్యం చాలక ఊరుకుంది. అతికించిన గ్రాఫులో తొమ్మిది దగ్గర పొడవాటి పీక్. పన్నెండున్నర దగ్గర, ఈగ వాలినంత, ఒక చిన్న బొడిపె. పక్కన తన చేతిరాతలోనే ఉంది: "పళ్ళెం మురికి. మాస్టారు చూశారు."

కింద సంతకం, తేదీ. ఆ రోజు రాసిన సిరా ఇంకా మెరుస్తున్నట్టే ఉంది.

ఇవాళ్టి గ్రాఫు కాగితం, ఆ నోటుపుస్తకం చేతిలో పట్టుకుని ఆమె మాస్టారి గదికి వెళ్ళింది.

మాస్టారు అంటే ఈ పదార్థాన్ని మొట్టమొదట తయారుచేసిన మనిషి. డెబ్భై దాటాయి. పదవీ విరమణ చేసినా ఈ గది మాత్రం వదల్లేదు. ప్రమాదం జరిగిన మర్నాటి నుంచి ఆయన ఇంటికి సరిగ్గా వెళ్ళడంలేదు. కిటికీ పక్క బల్ల మీద చిన్న గాజు బీకర్లు బారుగా పేర్చి ఉన్నాయి. ఒక్కోదాని మీద తెల్ల చీటీ, దాని మీద ఆయన వణికే అంకెలు. ఒకటి నుంచి ముప్పైనాలుగు. అన్నిటి అడుగునా నీలంగా ఏదో తళతళలాడుతోంది. ఆయన సూక్ష్మదర్శిని మీద వంగి ఉన్నారు. అడుగుల చప్పుడు విని కూడా తలెత్తలేదు.

"ముప్పైనాలుగోది కూడా పలకలే అమ్మాయ్," అన్నారు. "నీళ్ళు మార్చాను. సీసాలన్నీ ఆమ్లంతో కడిగాను. చివరికి మా ఇంటి వంటగదిలో కూడా చేసి చూశాను. అక్కడా ఇవే. ఒక్క సూది, పేరుకి ఒక్క సూది కూడా రాలేదు."

చిట్టి కాగితం ఆయన ముందు పెట్టింది. "ఇది ఫోర్‌మన్ గారి బిళ్ళలోది."

ఆయన కళ్ళజోడు సవరించుకుని చూశారు. చూస్తూనే ఉన్నారు. ఆశ్చర్యపోలేదు. చిట్టి ఆ ముఖంలో వెతికింది ఆశ్చర్యం కోసమే. అది కనబడలేదు.

"మీకు తెలుసు," అంది.

మాస్టారు కాగితం మడిచి పక్కన పెట్టారు.

"ఎప్పట్నించి సార్?"

"కూర్చో ముందు."

"నేను కూర్చోను. ఎప్పట్నించి తెలుసు?"

"పోయిన ఏడాది వానలప్పట్నించి." ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. కళ్ళజోడు లేని ఆ ముఖం మరీ ముసలిగా కనబడింది. "ఒక విడత పొడి చేశాను. పలకలొచ్చాయి. ఎక్కడో పొరపాటనుకుని మళ్ళీ చేశాను. మళ్ళీ పలకలే. వానాకాలం, గాల్లో చెమ్మ ఎక్కువ, అదే కారణం అనుకున్నాను. ఎండలొచ్చాక చేశాను. అప్పుడూ అంతే. అప్పట్నించి ఇప్పటిదాకా నేనొక్క సూదిని చూసి ఎరగను అమ్మాయ్."

"కొత్త పొడి మీరే చేస్తానన్నారు కదా, మరి ఏడాదిగా వర్క్‌షాపుకి పంపిందేంటి?"

"పాత నిల్వ. మంచి రోజుల్లో నువ్వు చేసిన పెద్ద జాడీ ఉంది కదా, అందులోది. అది సూదులే. పంపేటప్పుడు సూదులే. నేను ప్రతిసారీ చూసే పంపాను."

"పంపేటప్పుడు సూదులే," అంది చిట్టి.  "కానీ అందులో ఒక్క పలక రేణువు పడితే?"

 ఈ ప్రశ్నకు జవాబు ఈ గదిలో ఇద్దరికీ తెలుసు. ఒక్క రేణువు చాలు. కంటికి ఆననంత చిన్నది, కోటు చేతికి అంటుకున్నది, జుట్టులో ఇరుక్కున్నది. అది పడినచోట మిగతావన్నీ మెల్లగా తమ పొందిక వదిలేసి దాని పొందికలోకి మారిపోతాయి. కాస్త చెమ్మ తగిలిందా, ఇంకా త్వరగా. పలకలకే స్థిరం ఎక్కువ. పలకలు మళ్ళీ సూదులు కావు. ఒకసారి ఆ దుమ్ము ఒక గదిలోకి వచ్చిందంటే ఆ గదిలో ఇంక మొదటి రూపం పుట్టదు. ప్రపంచంలో ఇలాంటివి అక్కడక్కడా జరిగాయని చిట్టి చదివింది. చదివి, ఎంత విచిత్రమో అనుకుని, పేజీ తిప్పేసింది.

"ఎందుకు చెప్పలేదు?" అంది. అరవాలనుకుంది కానీ అరుపు రాలేదు. "ఒక్క మాట సార్. ఇంక ఈ బిళ్ళల్ని నమ్మకండి అని ఒక్క మాట. దానికేం పోయేది?"

"బిళ్ళ లేని రోజులు నువ్వు చూళ్ళేదు," అన్నారాయన. ఆ గొంతులో మొదటిసారి వేడి వినబడింది. "నేను చూశాను. ఆ ట్యాంకుల్లోకి ఊరికే దిగేవాళ్ళు. ఒకడు పడిపోతే వాణ్ణి తీద్దామని ఇంకొకడు, వాడి కోసం మూడోవాడు. నేను చెబితే ఏమవుతుంది? బిళ్ళలు తీసేస్తారు. దిగడం మానేస్తారా? మానరు. మళ్ళీ ఊరికే దిగుతారు. ఇవాళో రేపో సూదుల్ని మళ్ళీ రప్పిస్తాను, ఎవరికీ తెలియకుండా సర్దేస్తాను అనుకున్నాను. ఇవాళో రేపో అనుకుంటూనే ఏడాది గడిచిపోయింది."

"ఊరికే దిగేవాడికి భయమన్నా ఉంటుంది సార్! జేబుకి నీలం బిళ్ళ ఉన్నవాడికి భయం ఎందుకుంటుంది? వాళ్ళు దిగింది మనల్ని నమ్మి."

మాస్టారు ఆమె చేతిలోని నోటుపుస్తకం వైపు చూశారు.  

"ఒక్కటి అడుగుతాను, కోప్పడకు," అన్నారాయన. "ఆ బొడిపెని మొట్టమొదట చూసిందెవరు?"

చిట్టి చేతిలోని నోటుపుస్తకం బరువెక్కింది.

"నేనే."

"నేను పళ్ళెం మురికి అన్నాను. అవును, అన్నాను. తొందరలో ఉన్నాను, సరిగ్గా చూడకుండానే అన్నాను. కానీ ఆ పళ్ళెం కడిగి మళ్ళీ ఓసారి పెట్టి చూడొచ్చు కదా నువ్వు? అరగంట పని. ఎందుకు చూళ్ళేదు?"

ఇది దెప్పిపొడుపు కాదు. ఆయన నిజంగానే అడుగుతున్నారు, తనకు దొరకని జవాబు ఆమె దగ్గరేమైనా దొరుకుతుందేమోనని. చిట్టికి ఆ రోజు గుర్తుంది. ఆ సాయంత్రం వర్క్‌షాపుకు మొదటి పెద్ద జాడీ వెళ్ళాలి. అన్నయ్య గుమ్మంలో నిలబడి ఉన్నాడు, లోపలికి రాకుండా, చెప్పులు విప్పాలో వద్దో తేలక. చెల్లెలు ప్రాణాలు కాపాడే పొడి చేసిందని దారిపొడుగునా ఎంతమందికి చెప్పుకొచ్చాడో. ఆ ముఖం చూసి, "ఇవాళ కాదన్నయ్యా, ఇంకో వారం ఆగు," అనడానికి నోరు రాలేదు. మాస్టారు పళ్ళెం మురికి అన్నారు, తనకు కావలసిన మాట అదే, పట్టుకుంది. అంతే జరిగింది. దానికి ఇంతకంటే పెద్ద కారణం లేదు.

"నమ్మాలనిపించింది సార్," అంది. "నమ్మేశాను."

ఇంకా ఉంది. ఆలోచించకుండా ఉండాలని ఎనిమిది రోజులుగా తప్పించుకుంటున్నది ఇప్పుడు తనంతట తనే ముందుకొచ్చి నిలబడింది. నెలకోసారి వర్క్‌షాపుకు వెళ్ళేది ఎవరు? ఇదే గదిలో, ఇదే కోటుతో పనిచేసి, చేతులు దులుపుకుని వెళ్ళి, డబ్బా మూత తీసి పొడిని వేళ్ళతో నలిపి "బాగుందన్నయ్యా" అన్నది ఎవరు? మాస్టారు వర్క్‌షాపు గడప ఎప్పుడూ తొక్కలేదు. జాడీలో పోసిన పొడి సూదులుగానే బయల్దేరింది. పలకల్ని అక్కడికి మోసుకెళ్ళింది చిట్టి చేతులే. ఈ రెండు చేతులే. ఆమె వాటిని కోటు జేబుల్లో దాచుకుంది, ఎవరో చూస్తున్నట్టు.

"ఎన్ని బిళ్ళలున్నాయి బయట?" అన్నారు మాస్టారు.

"నాలుగువేల పైచిలుకు. ఆరు కార్ఖానాల్లో."

"అన్నీ మారిపోయి ఉంటాయా?"

"కొన్ని మారుంటాయి, కొన్ని మారుతూ ఉంటాయి, కొన్ని బాగానే ఉంటాయి. ఏది ఏదో చెప్పడానికి ఇక్కడికి తెచ్చి ఎక్స్‌రే తీయాలి. కంటికి అన్నీ ఒకటే." ఆమె ఫోను వైపు చూసింది. "నేను ఆరు చోట్లకీ చెప్పేస్తాను."

"సోమవారం కమిటీలో చెబుదాం. పద్ధతిగా, కాగితాలతో..."

"ఇవాళ శుక్రవారం సార్. సోమవారం లోపల ఎవరూ దిగరని మీరు నాకు మాటివ్వగలరా?"

ఆయన తన ముప్పైనాలుగు బీకర్ల వైపు చూశారు. నలభై ఏళ్ళ కిందట తొలి సూదుల్ని చూసిన రోజున ఈ మనిషి బల్ల మీదికెక్కి గంతులేశారని పరిశోధనశాలలో కథలు కథలుగా చెప్పుకుంటారు. ఇప్పుడు లేచి నిలబడడానికి బల్లను పట్టుకున్నారు. ఫోను తీసి ఆమె వైపు జరిపారు. తన సొరుగు తాళం తీసి ఒక పల్చటి నోటుపుస్తకం బయట పెట్టారు.

"ఏడాదిగా చేసినవన్నీ ఇందులో ఉన్నాయి. తేదీలతో సహా. పలకలొచ్చిన మొదటి రోజు నుంచి. ఎవరడిగినా ఇది ఇవ్వు. నీ పుస్తకం కూడా ఇచ్చెయ్. ముసలాడు దాచాడు, నేను చూసీ చూడనట్టు పోయాను అని చెప్పెయ్. మీ అన్నయ్య కాదని చెప్పు." ఆయన పుస్తకాన్ని ఆమె వైపు తోశారు. "ఆ ముగ్గురి ఇళ్ళకీ ఎవరు చెబుతారో మాత్రం నాకు తెలియదు అమ్మాయ్. నాకు చేతకాదు."

గోడ గడియారం పదిన్నర చూపిస్తోంది. గ్రాఫు బయటికొచ్చి గంటన్నర కావస్తోంది. ఇంతసేపు ఏం మాట్లాడామా అని చిట్టి తెల్లబోయింది.

ఆరు కార్ఖానాల్లో ముందు ఎవరికి చెయ్యాలన్న ఆలోచనే రాలేదు. వేళ్ళు వాటంతటవే ఇంటి నంబరు నొక్కేశాయి. ముందు అన్నయ్యకు చెప్పాలి. నీ చేతులు శుభ్రం అన్నయ్యా, నీ అచ్చు తప్పు లేదు అని. ఎనిమిది రోజులుగా ఆ మనిషి వీధిలోకి రావడంలేదు. అన్నం ముందు కూర్చుని కంచంలోకి చూస్తూ లేచిపోతున్నాడు. తనను కనీసం ఒక్క మాట అడగలేదు, నీ పొడిలో ఏమైనా తేడా ఉందా చిట్టీ అని. ఆ ఊహే ఆయనకు వచ్చి ఉండదు.

వదిన ఎత్తింది.

"వదినా, అన్నయ్యకి ఇవ్వు. అర్జెంటు."

"ఇంట్లో లేరు చిట్టీ." వదిన గొంతులో ఎన్నాళ్ళకో కాస్త ప్రాణం ఉంది. "పొద్దున్నే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వెళ్ళారు. నీకు చెప్పొద్దన్నారు. పని అయ్యాక నేనే చెబుతా, దాని ముఖం చూడాలి నాకు అన్నారు."

"ఎక్కడికెళ్ళాడు?"

"కార్ఖానాకే. ఆ ట్యాంకు మురుగు పొంగుతోందట, పంపుతో నీళ్ళు తోడినా అడుగు మడ్డి దిగి తీయాలట. పనివాళ్ళు మేం దిగం అని భీష్మించుక్కూర్చున్నారు. మేనేజరేమో మేస్త్రి చేసిన పాత బిళ్ళలన్నీ పారేయండి, వాడి పనితనం చెత్త అని అందరి ముందూ అన్నాడట. ఈయనకి రోషం వచ్చింది. నేను నొక్కిన పాత బిళ్ళే పెట్టుకుని నేనే దిగుతా, విషం ఉంటే అది తెల్లబడుతుంది, పైకొచ్చి మీ అందరికీ చూపిస్తా, అప్పుడు తెలుస్తుంది ఎవరి తప్పో అన్నారు. ఆ ముగ్గురికీ ఆ రోజు అసలు బిళ్ళలే ఇవ్వలేదని, పోయాక కొత్తవి తెచ్చి జేబులకి తగిలించారని ఈయన అనుమానం. కాకపోతే రంగు ఎందుకు మారదు అంటారు. నేను వద్దని కాళ్ళావేళ్ళా పడ్డాను చిట్టీ. నడుముకి తాడు కట్టుకునే దిగుతానే పిచ్చిదానా, చెల్లి పొడి ఉండగా నాకేం భయం అన్నారు... చిట్టీ? ఉన్నావా? ఏమైంది? మాట్లాడవేం?"

 చిట్టి పాలిపోయిన ముఖం చూసి మాస్టారు దగ్గరికొచ్చారు. ఆమె వదినకు ఏమీ చెప్పకుండానే ఫోను పెట్టేసింది. కార్ఖానా గేటు నంబరు కావాలంది. మాస్టారే గోడ మీది చీటీ చూసి ఒక్కో అంకె చదివారు. ఆమె నొక్కింది. ఒకసారి తప్పు నొక్కింది. మళ్ళీ మొదటి నుంచి నొక్కింది.

గంట మోగుతూనే ఉంది. పదో మోతకో పదకొండో మోతకో ఎవరో ఎత్తారు.

"గేటండీ."

"ట్యాంకు దగ్గర... మేస్త్రి... బిళ్ళల మేస్త్రి వచ్చాడా?"

"ఆయనా? వచ్చాడమ్మా. ఎవరు మాట్లాడేది?" గేటు మనిషి తీరిగ్గా ఉన్నాడు. గొంతులో ఉత్సాహం కూడా ఉంది. "కార్ఖానా మొత్తం అక్కడే ఉంది. మగాడంటే ఆయనమ్మా! ఇందాకే దిగాడు. బిళ్ళ నీలంగానే ఉంది, ఏం లేదు, అంతా బాగుంది అని లోపల్నించి రెండుసార్లు కేకేసి చెప్పాడు కూడా. ఇంకో నలుగురు దిగడానికి తాళ్ళు కట్టుకుంటున్నారు."

"లాగెయ్యండి!" చిట్టి అరిచింది. ఇందాక రాని అరుపు ఇప్పుడు గొంతు చీల్చుకుని వచ్చింది. "తాడు లాగండి! ఎవర్నీ దిగనివ్వొద్దు! నేను ఆయన చెల్లెల్ని, ఆ పొడి చేసింది నేనే, అది చచ్చిపోయింది, అది రంగు మారదు! నీలం చూసి నమ్మొద్దు! పరిగెత్తు నాయనా, నీకు పుణ్యముంటుంది, పరిగెత్తి చెప్పు!"

 అవతల రిసీవరు ఠక్కున బల్ల మీద పడింది. బూట్లు రాళ్ళ మీద పరుగెత్తుతున్న చప్పుడు దూరమైపోయింది. ఫోను తెరిచే ఉంది. ఎక్కడో పంపు ఆడుతున్న మోత వినిపిస్తోంది. చిట్టి రిసీవర్ని చెవిలోకి గుచ్చుకునేంతగా అదుముకుంది. మాస్టారు కూడా వంగి, తన చెవి దానికి ఆనించారు.

చాలా దూరంలో ఎవరో పిలిచారు.

"మేస్త్రీ!"

మళ్ళీ ఇంకా గట్టిగా, ఈసారి ఇద్దరు ముగ్గురు కలిసి:

"మేస్త్రీ! ఓ మేస్త్రీ! పలకవయ్యా!"

పంపు ఒక్కటే ఆడుతోంది.